ఊగని కొమ్మ మీద కోతి

మొన్న దసరా సెలవుల్లో నేనూ మా అన్నయ్య కూతురూ చెన్నై వెళ్ళొచ్చాం. అసలు పని జూ కాదు, తాంబరంలో మా పిన్ని కూతురు కొత్త ఫ్లాట్ గృహప్రవేశం. పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు, చీరలు పెట్టడం అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి, తిరుగు టికెట్లేమో మర్నాడు రాత్రికి ఉన్నాయి. ఫోన్ ఇవ్వకుండా పిల్లని ఒక రోజంతా ఆడించడం నా వల్ల కాదని అర్థమై, లోకల్ ట్రైన్‌లో రెండో స్టేషనే కదా అని వండలూరు జూకి తీసుకెళ్ళాను. దానికి తొమ్మిదేళ్ళు. పులులూ ఏనుగులూ అన్నీ పరుగు మీద చూసేసి, నా కాళ్ళు పీకడం మొదలయ్యే వేళకి ఒక నల్లకోతుల గుంపు దగ్గర ఆగిపోయింది.

ఆగిపోయిందంటే ఇక కదల్లేదు. అరగంట.

మా పక్కన తెలుగువాళ్ళే ఇంకో కుటుంబం ఉంది, యాస చూస్తే నెల్లూరు వైపు. "కొండముచ్చురా, అదిగో చూడు" అని ఆయన కొడుక్కి చూపిస్తున్నాడు. మొహం నల్లగా ఉంది కాబట్టి నేనూ కొండముచ్చే అనుకున్నా. తీరా బోర్డు చదివితే సింహపు తోక కోతి అని ఉంది. ఒళ్ళంతా కారునలుపు, మొహం చుట్టూ మాత్రం వెండిరంగు జూలు, ముసలి గుమస్తా బవిరి గడ్డం పెంచినట్టు. "అత్తా, జుట్టు కదా సింహంలా ఉంది, తోక అంటారేంటి" అని అడిగింది మా పిల్ల. అడగాల్సిన ప్రశ్నే. జూలు చూసి పెట్టిన పేరనే అందరం అనుకుంటాం, కానీ పొట్టి తోక చివర సింహానికి ఉన్నట్టే చిన్న కుచ్చు ఉంటుంది, పేరు దాన్నిబట్టి వచ్చింది. తమిళంలో సింగవాల్ కురంగు, మలయాళంలో సింహవాలన్, కన్నడంలో సింగళీక.

నాలుగైదు కోతులు పైన కొమ్మల మీద ఉన్నాయి. ఒకటి మాత్రం నేల మీద కూర్చుని ఏదో తొక్క ఒలుచుకుంటోంది. "అది చెట్టెక్కదా అత్తా?" అంటే, "తింటోంది కదమ్మా, తిన్నాక ఎక్కుతుందిలే" అని ఏదో చెప్పి లాక్కొచ్చేశాను. కానీ ఆ ప్రశ్న నాతో పాటు రైలెక్కి విజయవాడ దాకా వచ్చింది. నేను బ్యాంకు ఉద్యోగిని, నా జంతుశాస్త్రం ఇంటర్ బైపీసీ దగ్గరే ఆగిపోయింది. అయినా వచ్చిన దగ్గర్నుంచీ మూడు వారాలుగా రాత్రిళ్ళు వీటి గురించే చదువుతున్నాను. మా ఇంట్లో వాళ్ళకి విసుగొచ్చింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం, నా పెళ్ళికి ముందు, ఒక జూలో (పేరెందుకులెండి, ఇప్పుడు బాగుపడి ఉండొచ్చు) ఇదే జాతి కోతిని చూశాను. అప్పుడు పేరు తెలియదు, ఇప్పుడు ఫోటోలు చూశాక గుర్తొచ్చింది. సిమెంటు గచ్చు, ఇనప చువ్వలు, గోడకి బిగించిన రెండు ఇనప పైపులు, మూలన ఒక్కటే కోతి. ఆ మూల నుంచి ఈ మూలకీ, ఈ మూల నుంచి ఆ మూలకీ తిరుగుతూనే ఉంది, పరీక్ష రిజల్ట్స్ కోసం చూసేవాడిలా. ఎవరో అరటిపండు విసిరితే ఆగి, తీసుకుని, తిని, మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. అప్పట్లో నాకు నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకే బాగోలేదు.

ఎందుకంటే ఈ కోతి ఉండాల్సిన చోటు పడమటి కనుమల్లోని వానఅడవి, అందులోనూ పైఅంతస్తు. కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో ఇది లేదు. మొత్తం కలిపి నాలుగు వేల దాకా ఉంటాయని అంచనా, అందులో పిల్లలు కనే వయసున్నవి రెండున్నర వేల కంటే తక్కువ. చెదరని అడవిలో అయితే పొద్దున లేచిన దగ్గర్నుంచీ చెట్ల తలల మీదే దాని బతుకు, నేల మీద కాలు పెట్టడం బాగా అరుదు. పగటి వేళలో పెద్ద భాగం తిండి వెతుక్కోవడానికే సరిపోతుంది. పండ్లు, గింజలు, బెరడు కింద పురుగులు, ఆకు చుట్టలో సాలీడు, ఏది దొరికితే అది దవడ సంచుల్లో కుక్కుకుని తీరిగ్గా ఇంకో కొమ్మ మీద నములుకుంటుంది. అంత పని ఉన్న జంతువుకి గిన్నెలో కోసిన పండు పెట్టి, మిగిలిన పదకొండు గంటలూ ఖాళీగా ఉండమంటే ఏం చేస్తుంది? ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతుంది.

నేను జూలకి వ్యతిరేకిని కాను, ముందే చెప్తున్నా. జూలు లేకపోతే మా పిల్ల ఈ కోతి పేరే విని ఉండేది కాదు, నేనూ ఇది రాసేదాన్ని కాదు. నా పేచీ అల్లా ఎలా ఉంచుతున్నారు, ఎందుకు ఉంచుతున్నారు అన్న దాని మీదే. "అంతరించిపోతున్న జాతి, మేం కాపాడుతున్నాం" అని బోర్డు పెట్టి లోపల ఒక్క కోతిని కూర్చోబెడితే అది కాపాడటం కాదు. ఏడాదికి మించి, సరైన కారణం లేకుండా, జత లేని జంతువుని ఒంటరిగా ఉంచకూడదని జూల గుర్తింపు నిబంధనల్లోనే ఉంది. నిబంధన పెట్టాల్సి వచ్చిందంటేనే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇక ఈ కోతుల కుటుంబం సంగతి చదివాక నేను నిజంగా నవ్వుకున్నాను. వీటిలో ఆడవి పుట్టింటిని వదిలి ఎక్కడికీ వెళ్ళవు. అమ్మమ్మ, అమ్మ, పెద్దమ్మ, పిన్ని, అక్కచెల్లెళ్ళు, అందరూ జీవితాంతం ఒకే గుంపులో. పెద్దయ్యాక ఊరు వదిలి వెళ్ళాల్సింది మగవే, అన్నీ ఇల్లరికం అల్లుళ్ళే అన్నమాట. పదీ ఇరవై ఉండే గుంపులో సాధారణంగా పెద్ద మగకోతి ఒకటే, మహా అయితే రెండు మూడు. మరి మనుషులు ఏం చేస్తారంటే, ఫలానా జూలో ఆడది లేదు, మన దగ్గర ఒకటి ఎక్కువుంది అని బోనులో పెట్టి లారీ ఎక్కించేస్తారు. కాగితం మీద జత కుదిరినట్టే. కానీ ఆ ఆడకోతికి అది పెళ్ళి కాదు, పుట్టిల్లు పోవడం. గుంపులో పెరగని తల్లికి పిల్లని ఎలా ఎత్తుకోవాలో కూడా సరిగ్గా తెలియదు, అక్కల పిల్లల్ని చూసి నేర్చుకునే విద్య అది. అందుకే ఇప్పుడు తెలిసినవాళ్ళు ఆడవాటిని బంధువర్గంతో కలిపి ఒకేచోట ఉంచి, మగవాటిని మాత్రమే మార్చమంటున్నారు.

మార్చడానికో లెక్క ఉంటుంది, స్టడ్‌బుక్ అంటారు. ఏ కోతి ఏ జూలో ఎప్పుడు పుట్టింది, తల్లెవరు, తండ్రెవరు, ఎక్కడికి వెళ్ళింది, ఎప్పుడు పోయింది, అన్నీ అందులో రాస్తారు. మన పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గర ఉండే పుస్తకం లాంటిదే, కాకపోతే మనవాళ్ళు మేనరికం అయితే ఇంకా మంచిదంటారు, వీళ్ళు ససేమిరా వద్దంటారు. ఎవరి రక్తం గుంపులో తక్కువగా ఉందో వాళ్ళ సంతానానికే ముందు వరస. మన దేశంలో ఈ కోతికి సంబంధించి ముందుండి నడిపించే బాధ్యత వండలూరు జూదే అని తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఇంకో అరగంట నిలబడేదాన్ని, కాళ్ళు పీకినా సరే.

ఈ కోతికి ఒక్కో కాన్పులో ఒక్క పిల్లే, కడుపుతో ఉండేది సుమారు ఆరు నెలలు, అడవిలో అయితే కాన్పుకీ కాన్పుకీ మధ్య రెండున్నర మూడేళ్ళు. అంత నెమ్మదిగా పెరిగే జాతి. అయినా అమెరికా, యూరప్ జూలలో ఒకప్పుడు ఇవి బాగానే పెరిగాయి, ఎంత బాగా అంటే పెట్టడానికి చోటు లేక పిల్లలు పుట్టకుండా మందులు ఇచ్చేంత. అడవిలో అంతరించిపోతుందని తెచ్చి పెంచిన కోతికి కుటుంబ నియంత్రణ! దాని మీద ఇంకో చిక్కు, ఈ జాతి కోతులన్నిటిలో హెర్పిస్ బి అనే వైరస్ ఉండొచ్చు, వాటికి పెద్దగా ఏమీ కాదు గానీ మనిషికి సోకితే ప్రాణాంతకం. ఆ భయంతో కొన్ని జూలు వీటిని వదిలించుకున్నాయి. సరే, కొన్నాళ్ళకి మళ్ళీ పిల్లలు కావాలనుకున్నారు. అప్పటికి గుంపులు ముసలివైపోయాయి, ఏళ్ళ తరబడి కాన్పు లేని ఆడకోతులకి మళ్ళీ కాన్పు రావడం కష్టమైంది. కుళాయి కట్టేసి విప్పినంత సులువు కాదు మరి.

సరే, జూలో పుట్టినవాటిని అడవిలో వదిలేయొచ్చు కదా అని ఎవరైనా అంటారు. నేనూ అనుకున్నా. దానికి జవాబు ఇంకో సింహం పేరున్న చిన్న కోతి దగ్గర దొరికింది, బ్రెజిల్‌లో ఉండే బంగారు రంగు గోల్డెన్ లయన్ టామరిన్. ఉడత కంటే కొంచెం పెద్దది, అదీ చెట్టు దిగని రకమే. 1970ల మొదట్లో అడవిలో రెండు వందల దాకా మాత్రమే మిగిలాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ జూ, ఇంకా చాలా దేశాల జూలు కలిసి వాటిని పెంచి, 1984 నుంచి రియో డి జనీరో రాష్ట్రంలోని అడవుల్లోకి వదలడం మొదలుపెట్టారు. మొదటి విడతలో చాలా భాగం చచ్చిపోయాయి. ఎందుకో చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

వాటికి కొమ్మ ఊగుతుందని తెలియదు.

బోనులో పుట్టి పెరిగినవి కదా, వాటికి తెలిసిందల్లా బిగించిన కర్రలు, కదలని బల్లలు. నిజం చెట్టు మీద సన్న కొమ్మ ఒంగుతుంది, తీగ జారుతుంది, ఎండుపుల్ల పుటుక్కున విరుగుతుంది. అవి దూకి పడిపోయాయి, దారి తప్పాయి, కళ్ళ ముందు పండున్నా పోల్చుకోలేకపోయాయి. బోనులో ఇచ్చిన శిక్షణ వల్ల పెద్ద లాభం కనబడలేదట. వదిలాక నెలల తరబడి వెంట ఉండి తిండీ గూడూ చూసుకోవడం వల్లే కొన్ని బతికాయి, వాటికి అడవిలో పుట్టిన పిల్లలు మాత్రం చక్కగా దూకాయి. తర్వాత కొన్నిటిని వాషింగ్టన్ జూలోనే బోను లేకుండా చెట్ల మీద వదిలి అలవాటు చేశారు. ఇవాళ ఆ జాతి అడవిలో 4,800 దాకా ఉందని 2023 లెక్క, అందులో మూడో వంతు జూలలో పుట్టినవాటి సంతతే అంటారు. అంటే జూ వల్ల అవుతుంది. కానీ ముందు బ్రెజిల్‌లో అడవిని రిజర్వుగా ప్రకటించి నిలబెట్టారు కాబట్టి అయింది, వదలడానికి ఒక చోటంటూ ఉంది కాబట్టి అయింది.

ఊగే కొమ్మ అంటే నాకు కోతికొమ్మచ్చి గుర్తొస్తుంది. చిట్టినగర్ దగ్గర మా పాత ఇంటి వెనక వేపచెట్టు ఉండేది. కర్ర విసిరి, దొంగ దాన్ని తెచ్చేలోపు చెట్టెక్కేయాలి. ఏ కొమ్మ నన్ను మోస్తుంది, ఏది మా అన్నయ్యని మోయదు, ఎక్కడ కాలు పెడితే చీమలు కుడతాయి, ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, పడి నేర్చుకున్నాం. నా ఎడమ మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఇది చెప్తే మా వదినకి టెన్షన్, "దానికి లేనిపోనివి నేర్పకు" అంటుంది, పైగా ఇప్పుడుండే అపార్ట్‌మెంట్‌లో ఎక్కడానికి చెట్టూ లేదు.

కాబట్టి నా మటుకు నాకు ఒక జూ ఈ కోతిని ఉంచుకోదలిస్తే ముందు దానికి ఎత్తు ఇవ్వాలి. బోను ఎంత వెడల్పు అన్నది రెండో మాట. పైకి ఎంత పోగలదు, పట్టుకున్నది ఊగుతుందా, సందర్శకుల తల కంటే పైన కూర్చుని మనల్ని కిందికి చూసే వీలుందా? తాళ్ళు, బతికున్న చెట్లు, రోజూ చోటు మార్చి దాచిపెట్టే తిండి. ప్రతి ఊరి జూలోనూ రెండేసి కోతుల్ని పంచే బదులు నాలుగైదు చోట్ల పెద్ద గుంపులుగా పెంచితే నయం. మన ఊళ్ళో జూలో లేదే అని మనం ఏడవక్కర్లేదు, నాలుగు వందల కిలోమీటర్లు రైలెక్కి చూసొస్తే నష్టమేం లేదు.

అరటిపండు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లండ్‌లో పెయింటన్ జూ 2014లో కోతులకి అరటిపండ్లు ఆపేసింది. మనం తినడానికి పండించే అరటిలో ఉన్న తీపి అడవి పండులో ఉండదు, రోజూ అదే పెడితే పళ్ళు పుచ్చిపోవడం, షుగర్ వ్యాధి. ఆకుకూరలూ కూరగాయలూ పెట్టడం మొదలుపెట్టారు. మనకేమో కోతి అంటే అరటిపండే. దుర్గగుడి మెట్ల దారిలో వెళ్తుంటే చేతిలో పళ్ళు పట్టుకున్న ప్రతి భక్తుడూ ఆంజనేయస్వామికి నైవేద్యం పెట్టినట్టు పెడతాడు, నేనూ పెట్టాను, మా అమ్మ పెట్టించింది. అలవాటుతోనే జూకి వెళ్ళినప్పుడు కూడా విసురుతాం. జూలో జంతువుకి తిండి పెట్టడం, ఏడిపించడం వన్యప్రాణి రక్షణ చట్టం 38జె సెక్షన్ ప్రకారం నేరం అని చాలామందికి తెలియనే తెలియదు.

సైలెంట్ వ్యాలీ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కేరళలో పాలక్కాడ్ జిల్లాలో కుంతి నది మీద కరెంటు ప్రాజెక్టు కడతామంటే ఈ సింహపు తోక కోతి పేరు మీదే పెద్ద ఉద్యమం నడిచింది. సుగతకుమారి లాంటి కవులు ముందుకొచ్చారు, వాళ్ళని చెట్టు కవులని వెటకారం చేశారు, చివరికి 1983లో ప్రాజెక్టు ఆగింది, మరుసటి ఏడాది అది జాతీయ పార్కు అయింది. అందరూ చెప్పే విజయగాథ ఇది. నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం వాల్పారై.

వాల్పారై తమిళనాడులో ఆనైమలై కొండల మీద టీతోటల ఊరు. తెల్లవాళ్ళ కాలం నుంచీ అడవి నరికి తోటలు వేస్తూ పోగా మధ్యలో అడవి ముక్కలు ముక్కలుగా మిగిలింది, నేలంతా ఊడ్చాక చాప కింద ఉండిపోయిన చెత్తలా. అందులో పుదుత్తోట్టం అనే ముక్క ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు. దానిలో ఈ కోతులు నూటికి పైగా ఉన్నాయి. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి పోదామంటే మధ్యలో రోడ్డు, అవతల టీచెట్లు, మన నడుము ఎత్తు. ఏం చేస్తాయి, దిగాయి. చెట్టు దిగని కోతి రోడ్డు మీద నడవడం, ఇళ్ళ పైకప్పులెక్కడం, వంటింట్లో దూరడం నేర్చుకుంది. కార్ల కింద పడి చచ్చిపోవడం కూడా. ఇప్పుడు అక్కడ రోడ్డుకి అడ్డంగా పైన వంతెనల్లా కట్టారు, కోతులు వాటి మీదుగా దాటుతున్నాయి, రోడ్డు దగ్గర మనుషులు కాపలా కూడా ఉంటున్నారు. ఆ వంతెన ఫోటో మా పిల్లకి చూపిస్తే "ఊగుతుందా అత్తా ఇది?" అంది. ఊగుతుందమ్మా అన్నాను, బాగానే ఊగుతుంది.

ఇది చదివాక నాకు జూలో నేల మీద కూర్చున్న కోతికీ వాల్పారైలో రోడ్డు మీద కూర్చున్న కోతికీ పెద్ద తేడా కనబడటం మానేసింది. ఆ మాటకొస్తే మా వీధి కోతికీ. మనూళ్ళో తిరిగే టోపీ కోతి, నెత్తి మీద మధ్యపాపిడి తీసి దువ్వినట్టుంటుందే, అదీ దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా లేని జాతే. దాన్ని కూడా ముప్పులో ఉన్న జంతువుల జాబితాలో పెట్టారని తెలిసి మా వీధిలో చెప్తే ఒక్కరూ నమ్మలేదు. "అమ్మా తల్లీ, ముప్పు మాకా దానికా" అన్నారు మా కింద ఫ్లోర్ ఆంటీ. ఆవిడ బాల్కనీలో ఎండబెట్టిన గుమ్మడి వడియాలు పోయినవారమే రెండు పళ్ళేలు ఖాళీ అయ్యాయి, ఆవిడ బాధ ఆవిడది. కోతులు రాకుండా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ కట్టించారు. మూడు రోజులు పనిచేసింది. నాలుగో రోజు నుంచి ఆ ఫ్లెక్సీ మీదే కూర్చుంటున్నాయి.

సంక్రాంతికి వాల్పారై వెళ్దామని మా పిల్ల పట్టుబట్టింది, నేనూ సరే అన్నా. కోయంబత్తూరు దాకా రైలు, అక్కడ్నుంచి పొల్లాచ్చి, ఆ తర్వాత కొండెక్కే రోడ్డు మీద 40 హెయిర్‌పిన్ మలుపులు. దీనికి మంగళగిరి ఘాట్ ఎక్కితేనే వాంతులు. అవోమిన్ మాత్రలు ఇప్పుడే కొని పెట్టాను, మా వదినకి ఇంకా చెప్పలేదు.